దేవుని పొలంలో లేని అన్నా రోసీనా

ఎర్మా బైటెల్ రోజుకు ఆరు వరుసలు చదివేది. మంచి రోజైతే ఎనిమిది. కళ్లు మసకబారిన రోజు నాలుగే. మంగళవారం, గురువారం ఉదయం తొమ్మిదింటికి చర్చి దస్తావేజుల గదికి వచ్చి, కోటు కొక్కేనికి తగిలించి, చేతులు కడుక్కుని తడి లేకుండా తుడుచుకుని, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేది. ముందున్నది రెండున్నర శతాబ్దాల కిందటి జర్మన్ చేతిరాత. అక్షరాలన్నీ గాలికి వాలిన గోధుమ పైరులా ఒకే వైపు వంగి ఉంటాయి. భూతద్దం కింద ఒక్కో మాటా పట్టుకుని పెన్సిలుతో నోటుబుక్కులో ఎక్కించుకునేది. పన్నెండింటికి బయటి మెట్ల మీద కూర్చుని బొలోనా శాండ్‌విచ్ తిని మళ్లీ లోపలికి వచ్చేది. నాలుగున్నరకు గది మూసేవారు.

ఆమె వయసు డెబ్బై ఒకటి. సిమెంటు కంపెనీ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు టైపిస్టుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన చెల్లెలు నయోమితో కలిసి చర్చి వీధిలో ఉండేది. జర్మన్ మాట నాయనమ్మ దగ్గర వచ్చింది. పాత రాత చదవడం మాత్రం ఒక వేసవిలో పది రోజుల క్లాసుకు పోయి నేర్చుకుంది. ఆ క్లాసులో అందరికంటే పెద్దది తనే.

జర్మన్ మాట్లాడే వలసదారులు కట్టుకున్న పెనీయేలు ఊళ్లో మొరేవియన్ క్రైస్తవ సంఘంవాళ్లు ఎవరి జీవిత కథ వాళ్లే రాసి పెట్టుకుంటారు. ఎక్కడ పుట్టారు, ఏ పని చేశారు, ప్రభువును ఎలా తెలుసుకున్నారు, రెండు మూడు పేజీలు. మనిషి పోయినప్పుడు శవపేటిక ముందు పాస్టరు దాన్ని చదువుతాడు. చివరి జబ్బు సంగతి ఇంట్లో వాళ్లు చేర్చి ఇస్తారు. చదివాక ఆ కాగితం దస్తావేజుల గదికి చేరుతుంది. 1740ల నుంచి అలా చేరినవి అక్కడ అట్టపెట్టెల్లో వరసగా ఉన్నాయి.

బైటెల్ ఇంట పుట్టినవాళ్ల కాగితాలన్నీ ఒకే వాక్యంతో మొదలవుతాయి. “ప్రభువు చీటీ ద్వారా గాట్‌ఫ్రీడ్ బైటెల్‌కు ఇచ్చిన అన్నా రోసీనా సంతతిలో పుట్టాను, ఆమె మన దేవుని పొలంలో నలభై మూడో రాయి కింద నిద్రిస్తున్నది.” దేవుని పొలం అంటే సంఘం సమాధుల తోట. ఎర్మా తండ్రి అలాగే రాశాడు. మేనత్త అలాగే రాసింది. తాత, ముత్తాత కూడా అంతే.

అప్పటి పెళ్లిళ్లు అలా జరిగేవి. పెద్దల సభ ప్రార్థన చేసి మూడు చీటీల్లో ఒకటి తీసేది. ఒకదాని మీద ‘అవును’, ఒకదాని మీద ‘కాదు’, మూడోది ఖాళీ. ఖాళీ వస్తే ఇప్పుడు కాదు, ఆగమని అర్థం. ఏది వచ్చినా అది రక్షకుడు ఇచ్చిన జవాబే. ఆ పద్ధతి ఎప్పుడో ఎత్తేశారు గానీ, చీటీలో ‘అవును’ వచ్చిన జంట సంతానం అనిపించుకోవడం ఇప్పటికీ ఇక్కడ కొంచెం గొప్పే.

ఎర్మా కోరింది చిన్న విషయం. తన కాగితంలో ఆ వాక్యానికి అన్నా రోసీనా పుట్టిన ఊరు పేరు చేర్చాలి. అంతకు మించి ఆమెకు వేరే ఉద్దేశం లేదు. 1994 సెప్టెంబరులో అందుకోసమే ఆ గది మెట్లెక్కింది.

మూడో వారంలో సమాధుల రిజిస్టరు తెరిచింది.

“లాంబర్టూ, ఇలా రా. నలభై మూడు దగ్గర కీఫర్ అని కనబడుతోంది. నా కళ్ల తప్పా?”

దస్తావేజుల గది చూసుకునే లాంబర్ట్ గీర్ష్‌కు యాభై ఎనిమిదేళ్లు. చిన్నప్పుడు ఎర్మా సండేస్కూల్లో చదువుకున్నాడు కాబట్టి ఇప్పటికీ ఆమె ముందు చొక్కా గుండీలు సరిచూసుకుంటాడు. వంగి చూశాడు.

“కీఫరే టీచర్‌గారూ. అన్నా రోసీనా కీఫర్. పెళ్లికాని సహోదరి. నూలు వడికేది. పదిహేడొందల యాభై ఒకటి, ఆగస్టు. జ్వరం. వయసు ఇరవై నాలుగు.”

“రోసీనాకి పెద్ద కొడుకు పుట్టింది యాభై మూడులో.”

“పోయిన రెండేళ్లకి కొడుకును కనడమంటే, మన సంఘంలో కూడా కొంచెం కష్టమే.”

ఎర్మా నవ్వలేదు. లాంబర్ట్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ రిజిస్టరులో ఆ ముందూ వెనకా నలభై పేర్లు చూశారు. బైటెల్ అన్న ఇంటిపేరుతో ఆడమనిషి లేదు.

ఈ తప్పు మరో ఊళ్లో అయితే పదేళ్లు కూడా నిలిచేది కాదు. భర్త పక్కన భార్య లేకపోతే మనవలైనా ఎందుకని అడుగుతారు. పెనీయేలు దేవుని పొలంలో భార్యాభర్తలు పక్కపక్కన ఉండరు. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు, ఎవరు ముందు పోతే వాళ్లు ముందు. రాళ్లన్నీ ఒకే కొలత, నేలమట్టానికి పరిచినవి. తొలి వరసల రాళ్ల మీద నంబరు, ముందు పేరు తప్ప ఏమీ ఉండవు. పక్కన ఎవరో ముక్కూ మొహం తెలియని సహోదరి ఉండడమే ఇక్కడి పద్ధతి. అందుకే ఐదు తరాల బైటెల్‌లలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఏ మనవరాలో ఒక ఆదివారం ఆ పేరు వెతుక్కుంటూ తిరిగి, నలభై మూడు దగ్గర ఆగి ఉంటుంది. దొరికిందనుకుని ఉంటుంది.

ఆ సాయంత్రం వంటింట్లో నయోమి చక్కెర రొట్టె చేస్తోంది. పళ్లెంలో పరిచిన పిండిలో వేలితో గుంటలు నొక్కి ఒక్కో గుంటలో వెన్న ముక్క పెడుతోంది.

“నలభై మూడు మనది కాదే నయోమీ.”

“ఏ నలభై మూడు?”

“ఆ రాయి. ఎవరో కీఫర్ వాళ్ల పిల్లది. దానికి పెళ్లే కాలేదు.”

నయోమి చెయ్యి ఆగలేదు. “నలభై ఏళ్ల నుంచి ప్రతి ఈస్టర్‌కీ మోకాళ్ల మీద కూర్చుని తోముతున్నాను ఆ రాయిని. ఊళ్లో వాళ్ల పిల్ల వీపు రుద్దానంటావా?”

“రుద్దావు. పోన్లే, దానికి మాత్రం ఎవరున్నారు రుద్దడానికి?”

“నీకు రిటైరయ్యాక ఏం తోచట్లేదక్కా. బింగోకి పద అంటే రావు. ఊలు కొనిపెట్టాను, అల్లవు. పోయి ఆ బూజు కాగితాల్లో తల దూరుస్తావు.” వెన్న ముక్క ఒకటి గట్టిగా నొక్కింది. “నాన్న పెట్టె ముందు అలాగే చదివారు. తాతయ్యదీ అంతే. వాళ్లంతా ఆ పెట్టెలో పడుకుని అబద్ధం చెప్పించారా?”

“తెలియక రాశారు.”

“తెలియనప్పుడు అందరం బాగానే ఉన్నాం కదా. ఇప్పుడు నీకేం వచ్చింది?”

“మరి ఆవిడ ఎక్కడుందో తెలియొద్దూ?”

“ఎవరికి తెలియాలి? నాకా? నాకక్కర్లేదు.” పళ్లెం పొయ్యిలోకి తోసి తలుపు మూసింది. “నువ్వు తినేట్టయితే ముక్క ఉంచుతా. లేకపోతే అంతా ఎదురింటి వాళ్లకిస్తా.”

ఎర్మా ముక్క తింది. గురువారం మళ్లీ వెళ్లింది.

రిజిస్టరులో లేని మనిషిని పెద్దల సభ రాసుకున్న పుస్తకాల్లో వెతకమని లాంబర్టే చెప్పాడు. వారం వారం కూర్చుని ఏం మాట్లాడుకున్నారో, ఏం అడిగారో, చీటీ ఏం చెప్పిందో అందులో ఉంటుంది. అలాంటివి పదకొండు సంపుటాలు. పేర్ల పట్టిక లేదు. ఎర్మా పేజీ పేజీ తిప్పుతూ బైటెల్ అన్న మాట కోసం చూసేది. అది కనిపించిన చోట ఆగి, ఆ ఆరు వరుసలూ చదివేది.

మొదటిది జనవరిలో దొరికింది. 1752 నవంబరు. “సహోదరి రోసీనా ఓపిట్జ్, వయసు ఇరవై మూడు, సహోదరుడు గాట్‌ఫ్రీడ్ బైటెల్ పెళ్లి గురించి రక్షకుణ్ణి అడిగాం. కాదు.”

ఎర్మా ఆ ఆఖరి మాట మీద భూతద్దం చాలాసేపు పెట్టింది. లాంబర్ట్‌ను పిలవలేదు. ఆ మాట చదవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, జర్మన్‌లో నాలుగే అక్షరాల చిన్న మాట.

అదే ఏడాది డిసెంబరు కింద ఇంకొకటి. “బైటెల్, ఓపిట్జ్ ఇద్దరూ చెప్పకుండా ఈస్టన్ పోయి జడ్జి ముందు పెళ్లి చేసుకున్నారు. పేర్లు కొట్టేశాం.” ఆ తర్వాత ఐదేళ్ల పాటు ఆ ఇంటిపేరు లేదు. 1758లో గాట్‌ఫ్రీడ్ చెట్టు కొడుతుండగా అది మీద పడి పోయాడని ఒక వరుస. ఆ మరుసటి సంవత్సరం ఒక పొడుగు పేరా. విధవ రోసీనా బైటెల్ దిగువ మిల్లు దగ్గర ఇద్దరు మగపిల్లలతో ఉంటోంది. తినడానికి లేదు. పిల్లల్ని సంఘం బళ్లో చేర్చుకోమని, తనను కూడా తిరిగి తీసుకోమని అడిగింది. “పిల్లల గురించి అడిగాం. అవును. ఆమె గురించి అడిగాం. కాదు.”

పిల్లలు లోపలికి వచ్చారు. తల్లి బయట ఉండిపోయింది. పెద్దవాడికి ఆరేళ్లు, చిన్నవాడికి మూడు.

ఆ రోజు నాలుగింటికే ఎర్మా లేచి కోటు వేసుకుంది.

“ఒంట్లో బాగాలేదా టీచర్‌గారూ?” అని లాంబర్ట్ అడిగాడు.

“మూడేళ్ల పిల్లాడిని ఆ మిల్లు నుంచి ఇక్కడికి నడిపించుకొచ్చిందంటావా, ఎత్తుకొచ్చిందంటావా?”

“రెండు మైళ్లు. ఎత్తుకునే ఉంటుంది.”

“ఖాళీ చేతుల్తో వెనక్కి నడిచింది మరి,” అని ఎర్మా మెట్లు దిగింది.

రోసీనా మళ్లీ అడిగింది. అవి దొరకడానికి ఎర్మాకు ఏడాది పైనే పట్టింది. ఆమె, పెళ్లికాని ఆడవాళ్లు కలిసి ఉండే సహోదరీల ఇంటి కోసం నూలు వడికి శనివారం వెనక తలుపు దగ్గర ఇచ్చి పోయేది. ఆదివారం సంఘం బయటివాళ్లకు వేసిన పరదేశుల బెంచీ మీద కూర్చుని ప్రసంగం వినేది. సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు, రొట్టె ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు రానిచ్చేవారు కాదు. ఏడాదికో, రెండేళ్లకో తనను తీసుకోమని పెద్దలను అడిగేది. వాళ్లు చీటీ తీసేవారు. “బైటెల్ విధవ మళ్లీ అడిగింది. ఖాళీ.” “బైటెల్ విధవ. కాదు.” “దిగువ మిల్లు రోసీనా. బాగా ఏడ్చింది. కాదు.” ఒక ఏడాది పెద్ద కొడుకు యోహాన్ పెళ్లి గురించి అడిగితే ‘అవును’ వచ్చింది. అదే పేజీలో, అదే రోజు, అతని తల్లికి ‘కాదు’.

1759 నుంచి 1782 దాకా పంతొమ్మిది సార్లు అడిగింది. పద్నాలుగు సార్లు కాదు, ఐదు సార్లు ఖాళీ.

ఈలోగా 1995 అక్టోబరులో ఎర్మా మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయింది. గుండె కవాటం సరిగా మూసుకోవడం లేదని, ఈ వయసులో ఆపరేషన్ వద్దని డాక్టరు చెప్పాడు. ఎంత కాలం అని ఆమె అడిగింది. ఏడాది, ఇంకొంచెం అన్నాడు. అప్పటి నుంచి ఆమెకు ఒకటే పని. తన పెట్టె ముందు చదివే మొదటి వాక్యం నిజమై ఉండాలి. అది రాయాలంటే రోసీనా ఎక్కడ ఉందో తెలియాలి.

ఆఖరి వరుసలు 1996 ఏప్రిల్లో దొరికాయి. వాటిని లాంబర్ట్ పైకి చదివాడు, ఎర్మా రాసుకుంది. “1783 మార్చి. దిగువ మిల్లు దగ్గరి బైటెల్ ముసలామె జ్వరంతో పోయింది. పొరుగువాళ్లు పరదేశుల పొలంలో పూడ్చారు. చావు కబురు తెలిపే ట్రాంబోన్ బాకాలు ఊదలేదు. సహోదరుడు యోహాన్ బైటెల్ వెళ్లడానికి సెలవు అడిగాడు. ఇచ్చాం.”

“యాభై నాలుగేళ్లకే ముసలామె అన్నారు,” అంది ఎర్మా.

లాంబర్ట్ ఆ సంపుటం మూసి పక్కకు జరిపాడు.

“పరదేశుల పొలమంటే ఎక్కడ? దేవుని పొలం కంచె అవతలా?”

“కాదు టీచర్‌గారూ. మిల్లుకు పోయే దారిలో.” అల్మారా నుంచి ఒక పాత మ్యాపు తెచ్చి పరిచాడు. తర్వాత దాని పక్కన ఇప్పటి మ్యాపు పెట్టాడు. రెండింటి మీదా వేలు పెట్టి ఆగాడు. “మీరు ముందు కూర్చోండి.”

“కూర్చునే ఉన్నాను కదయ్యా.”

“ఇది క్వారీ.”

1908లో ఆ నేలను సున్నపురాయి కోసం తవ్వారు. సమాధులను ‘వీలైనంత మేరకు’ తరలించామని కొనుగోలు కాగితంలో ఒక మాట ఉంది. ఎక్కడికో లేదు. ఇప్పుడు అక్కడ రెండు వందల అడుగుల లోతు గొయ్యి, అడుగున పచ్చటి నీళ్లు, చుట్టూ ఇనుప కంచె. ఎర్మా తాత ఆ క్వారీలో రాయి పగలగొట్టాడు. తండ్రి అక్కడే డ్రిల్లు పట్టాడు. ఎర్మా టైపు చేసింది ఆ రాయి అమ్మిన బిల్లులే.

ఆమె నోటుబుక్కు మూసి, పెన్సిలు మొనను వేలితో చూసుకుంది. “సరే. ఎక్కడుందో తెలిసింది,” అంది.

జీవిత కథ ఆగస్టులో రాసింది. మూడు పేజీలు. రెండో పేజీ నుంచి తన సంగతి. మొదటి పేజీ రోసీనాది. రోసీనా పుట్టిన ఊరు మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అందులో ఎవరినీ తిట్టలేదు. “నా మూలపు తల్లి అన్నా రోసీనా ఓపిట్జ్ 1749లో ఓడ దిగింది. ఆమె పెళ్లికి చీటీ కాదు అన్నది. ఆమె తన ఇద్దరు పిల్లల్ని ఈ సంఘానికి ఇచ్చింది. తనను తీసుకోమని పంతొమ్మిది సార్లు అడిగింది. పద్నాలుగు సార్లు కాదు అని, ఐదు సార్లు ఏమీ లేదని జవాబు వచ్చింది. ఆమె మన దేవుని పొలంలో లేదు. నలభై మూడో రాయి సహోదరి కీఫర్‌ది, ఆమెను క్షమాపణ అడుగుతున్నాను.” ఆ తర్వాత పుస్తకాల సంపుటాలు, పేజీల నంబర్లు. టైపిస్టు కదా, ఒక్క కొట్టివేత లేదు.

సెప్టెంబరులో పాస్టర్ క్లూగే ఆమెను చూడటానికి ఇంటికి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, విస్కాన్సిన్ నుంచి వచ్చి ఐదేళ్లయింది. ఎర్మా ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కుర్చీలో ఉంది. మొదటి పేజీ అతని చేతికిచ్చింది. నయోమి గుమ్మం దగ్గర నిలబడింది.

అతను రెండుసార్లు చదివాడు. “ఇంత కష్టపడ్డారు సిస్టర్ ఎర్మా. దీన్ని సంఘం పత్రికలో వేద్దామా? అక్కడైతే చోటుంటుంది.”

“పత్రిక చదివి చేపలు చుడతారు. నా పెట్టె ముందు చదవండి.”

“ఆ రోజున మనుషులు ఓదార్పు కోసం వస్తారమ్మా. వాళ్ల ముందు నిలబడి, మన పెద్దలు ఒక విధవను...”

“పెద్దలు తప్పు చేశారని ఎక్కడ రాశాను పాస్టరు గారూ? చూపించండి. అడిగారు, కాదు అని వచ్చింది అని రాశాను. వాళ్లు రాసుకున్నదే రాశాను.”

అతను కాగితం మళ్లీ చూసుకున్నాడు. “నిజమే. అలా రాయలేదు.”

“మరి చదువుతారా చదవరా? నాకు టైం లేదు, తేల్చి చెప్పండి.”

“కాగితం ఇంట్లో వాళ్లు తెచ్చి ఇవ్వడం పద్ధతి. వాళ్లు నా చేతికి ఏది ఇస్తే దాన్ని ఒక్క మాట తీసేయకుండా చదువుతాను. అంతవరకు మాటిస్తున్నాను.”

ఎర్మా గుమ్మం వైపు చూసింది. నయోమి కాఫీ తెస్తానని లోపలికి పోయింది. పాస్టరు వెళ్లేదాకా కాఫీ రాలేదు.

ఆ చలికాలం అంతా అక్కచెల్లెళ్ల మధ్య ఆ కాగితం తప్ప అన్ని మాటలూ నడిచాయి. నయోమి ఆమెకు స్నానం చేయించేది, మందులు వేళకు ఇచ్చేది, కాళ్ల వాపు దిగేలా నూనె రాసేది. జనవరి చివర ఒక మధ్యాహ్నం, పొయ్యి మీద బంగాళాదుంపల పులుసు ఉడుకుతుండగా, ఎర్మాయే ఆ మాట ఎత్తింది.

“చదివిస్తావా?”

“మొదటి పేజీ లేకుండా చదివిస్తా.”

“అయితే అది నా కథ కాదు.”

“నీ కథ నువ్వు పుట్టిన దగ్గర్నుంచి మొదలవుతుందక్కా. అంతకు ముందుది నీది కాదు.” నయోమి గరిటె పక్కన పెట్టింది. “నువ్వు పెట్టెలో పడుకుంటావు. నీకేం, హాయి. ఆ తర్వాత కాఫీ దగ్గర నిలబడేది నేను. ఊళ్లో ప్రతి ఒక్కరూ వచ్చి, ఏం నయోమీ, చీటీ మనుషులం అంటూ ఇన్నాళ్లూ అంత ఎత్తున కూర్చున్నారు అంటారు. నాన్న మాట అబద్ధమని ఆయన చదివించుకున్న చోటే నిలబడి నేను వినాలా? ఆయన్ని మళ్లీ పాతిపెట్టినట్టుంటుంది నాకు.”

“నాన్నకి తెలిస్తే రాసేవాడే.”

“నాన్న నీకే తెలుసు, నాకు తెలియదు. ఎప్పుడూ అంతేగా.”

ఎర్మా ఊపిరి అందేదాకా ఆగింది. “ఆవిడ పంతొమ్మిది సార్లు అడిగింది. నేను నిన్ను ఒక్కసారే అడుగుతున్నాను.”

నయోమి పొయ్యి ఆపింది. గిన్నెలోకి పులుసు వంచి, చల్లారడానికి ఊదుతూ కూర్చుంది. అవుననలేదు, కాదనలేదు. చెంచా అక్క నోటి దగ్గర పెట్టింది.

ఎర్మా ఫిబ్రవరి పద్దెనిమిది, మంగళవారం ఉదయం పోయింది. పది గంటలకు చర్చి గంటగోపురం మీద నలుగురు ట్రాంబోన్లు ఊదారు. మూడు పాటలు. మధ్య పాట పెళ్లికాని సహోదరీలది. వీధిలో మంచు తీస్తున్నవాళ్లు పారలు ఆపి, పాటను బట్టి పోయింది ఎవరో పోల్చుకుని చెప్పుకున్నారు.

శనివారం చర్చి సగం నిండింది. నయోమి ముందు వరసలో కూర్చుని ఉంది. ఆమె ఇచ్చిన కవరును పాస్టర్ క్లూగే బల్ల దగ్గర విప్పాడు. లోపల రెండు టైపు కాగితాలు, నయోమి చేతిరాతలో ఒక చిన్న కాగితం. టైపు కాగితాల్లో పైదాని మూల ‘2’ అని ఉంది. అతను దాన్ని తిప్పి వెనక చూశాడు. కవరులోకి కూడా ఒకసారి చూశాడు. నయోమి పాటల పుస్తకంలోకి చూస్తోంది.

అతను ఇచ్చిన మాట ప్రకారం చదివాడు. “1923 జూన్ నాలుగున క్వారీ పైవీధి ఇంట్లో పుట్టాను.” స్కూలు, సండేస్కూలు, టైపు మిషను, తల్లి జబ్బు, తండ్రి జబ్బు. నయోమి రాసిన ఐదు వరుసలతో ముగిసింది. “చివరి దాకా తెలివి ఉంది. నొప్పి గురించి చెప్పలేదు.” అంతా చదవడానికి ఆరు నిమిషాలు పట్టింది.

నయోమి అక్క రాసింది చదివించలేదు. పాత వాక్యాన్ని దాని చోట పెట్టనూ లేదు. బైటెల్ ఇంట్లో రోసీనా పేరు లేకుండా చదివిన మొదటి కాగితం అదే.

తర్వాత కింది హాలులో కాఫీ, బన్నులు. ట్రే పట్టుకుని తిరిగే పని నయోమి ఇరవై ఏళ్లుగా చేస్తోంది. ఆ రోజు వద్దన్నా వినకుండా తనే పట్టుకుంది. ఎనభై దాటిన మేబెల్ లైబర్ట్ బన్ను అందుకుంటూ అడిగింది.

“ఈసారి రోసీనా రాలేదేం నయోమీ? మీవాళ్లవన్నీ ఆవిడతోనే మొదలవుతాయి కదా. నేను దానికోసమే వినికిడి మిషను పెంచుకున్నా.”

“ఇది ఎర్మాది మేబెలత్తా. రోసీనాది కాదు.”

“అయినా ఒక్క మాట చెప్పుకుంటే ఏం పోయింది? పెద్దావిడ.”

“కాఫీ చల్లారిపోతుంది. తాగండి.”

సోమవారం పాస్టరు ఆ కాగితాలను దస్తావేజుల గదికి పంపాడు. పెట్టెలో పెట్టబోతూ లాంబర్ట్ పేజీ నంబరు చూశాడు. ఆ గది నియమం ప్రకారం శవపేటిక ముందు ఏది చదివారో అదే దాఖలవుతుంది. చదవనిది సొంత కాగితం కిందికి వస్తుంది. అది తీసుకోవాలంటే ఇంట్లో వాళ్ల సంతకం కావాలి. ఎర్మా నోటుబుక్కులు నాలుగూ, మొదటి పేజీ ఇంట్లోనే ఉన్నాయి. అవి లేకపోతే, ఇంకెవరైనా రోసీనాను వెతకాలంటే మళ్లీ మొదటి సంపుటం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి. పెనీయేలులో ఇప్పుడు ఆ రాత చదవగలిగింది లాంబర్ట్ ఒక్కడే.

మార్చిలో అతను నయోమికి ఉత్తరం రాశాడు. మీ అక్కగారి మొదటి పేజీనీ, నోటుబుక్కులనూ దాచడానికి ఇస్తారా అని అడిగి, సంతకం పెట్టాల్సిన కాగితం కూడా జత చేశాడు. జవాబు రాలేదు. జూన్‌లో రెండోది రాశాడు. ఆదివారాలు చర్చి దగ్గర ఇద్దరూ ఎదురుపడుతూనే ఉన్నారు. అతని తల్లి మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని నయోమి అడుగుతుంది, బంగాళాదుంపల రొట్టె పంపిస్తుంది. ఉత్తరం మాట ఎత్తదు. అతనూ అక్కడ ఎత్తడు. సెప్టెంబరులో మూడోది పంపాడు. నాలుగోది క్రిస్మస్‌కు ముందు రాస్తానంటున్నాడు.